ఎంకే అల్ట్రా నిజంగా జరిగిందా? మా బాబాయితో గొడవ తెగట్లేదు

గోదారి_గట్టు
మా ఫ్యామిలీ గ్రూపులో బాబాయి రోజుకో వీడియో పడేస్తాడు. ఈ వారం సబ్జెక్టు సెల్ టవర్లు: వాటితో ప్రభుత్వాలు మన బుర్రల్ని ఆడిస్తున్నాయట. నేను ఊరుకోలేక "చెత్త" అన్నాను. "మరి ఎంకే అల్ట్రా కూడా చెత్తేనా? అమెరికా వాళ్లే ఒప్పుకున్నారుగా" అని నా నోరు మూయించాడు. వెతికితే ఒకచోట అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ జనానికి తెలియకుండా మందులు పెట్టిందని ఉంది, ఇంకోచోట హాలీవుడ్ తారలంతా మరమనుషులని ఉంది. ఇందులో ఏది ఎంతవరకు నిజం? చదివినవాళ్లుంటే కాస్త విడమరిచి చెప్పండి. లింకులు వద్దు, చూసీ చూసీ కళ్లు పోయాయి.

కాకినాడ_కాజా
మీ బాబాయి, మా మావయ్య ఒకే గ్రూపులో ఉన్నట్టున్నారు.

పాత_ఫైళ్లు
మొదటిది నిజం, రెండోది కాదు.

మందులతో మనుషుల మెదళ్లని లొంగదీసుకోవచ్చా అని సీఐఏ రహస్యంగా చేయించిన ప్రయోగాల పేరే ఎంకే అల్ట్రా. 1953 ఏప్రిల్ 13న సీఐఏ డైరెక్టర్ అలెన్ డల్లెస్ ఆమోదంతో మొదలైంది. దానికి మూడు రోజుల ముందే ఆయన ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ పూర్వ విద్యార్థుల సభలో మాట్లాడుతూ, సోవియట్లు మనుషుల మెదళ్ల మీదే యుద్ధానికి దిగారని తెగ బాధపడ్డాడు. అప్పటికి కొరియా యుద్ధంలో పట్టుబడ్డ అమెరికన్ పైలట్లు "మేం రోగక్రిముల బాంబులు వేశాం" అని ఒప్పుకుంటూ ప్రకటనలిస్తున్నారు. వాళ్ల దగ్గర ఏదో మందో మాకో ఉంది, మన దగ్గర లేకపోతే ఎలా అనే భయం. నిజానికి బ్లూబర్డ్, ఆర్టిచోక్ అనే పేర్లతో 1950, 51 నుంచే ఇలాంటి పనులు నడుస్తున్నాయి.

నడిపింది సిడ్నీ గాట్లీబ్ అనే రసాయన శాస్త్రవేత్త. మొత్తం 149 ఉపప్రాజెక్టులు, 80 సంస్థలు. అందులో 44 కాలేజీలు, యూనివర్సిటీలు, 12 ఆస్పత్రులు, 3 జైళ్లు. డబ్బు నేరుగా ఇవ్వరు, మధ్యలో ఒక ఫౌండేషన్‌ని పెడతారు. అందుకే అది ఎవరి సొమ్మో పరిశోధకుల్లో చాలామందికి తెలియనే తెలియదు.

నిజం_నిప్పు
వాళ్లు ఒప్పుకున్నది పిసరంత. 1973లో సీఐఏ డైరెక్టర్ రిచర్డ్ హెల్మ్స్ ఫైళ్లన్నీ నాశనం చేయించాడు. ఏమీ లేకపోతే ఎందుకు కాల్చినట్టు? పైన చెప్పిన లెక్కలన్నీ వాళ్లు చూపించదలచుకున్న లెక్కలే.

అకౌంట్స్_మాస్టారు
అక్కడే పొరబడుతున్నారు నిజం_నిప్పు గారూ. వాళ్లు చూపించదలచుకోలేదు. దొరికిపోయారు, అదీ మా శాఖ పుణ్యమా అని.

నేను పని చేసింది మన రాష్ట్రంలోనే, లెక్కల విభాగంలో. ఏ ఆఫీసులోనైనా అసలు ఫైలు పోతుంది, ఎలకలు కొడతాయి, అధికారి ఇంటికి పట్టుకెళ్తాడు. బిల్లు మాత్రం పోదు. ఎందుకంటే దాని కాపీ ఇంకో సెక్షన్‌లో ఉంటుంది, ఆ సెక్షన్ వాడికి ఇది రహస్యమని చెప్పినవాడు ఉండడు. 1973లో హెల్మ్స్ మాట మీద గాట్లీబ్ మనుషులు వాళ్ల బీరువాల్లో ఉన్నవన్నీ ధ్వంసం చేశారు. కానీ ఎంకే అల్ట్రా ఖర్చుల కాగితాలని బడ్జెట్ సెక్షన్ వాళ్లు 1970లోనే తమ పాత రికార్డులతో కలిపి వాషింగ్టన్ బయట గోడౌన్‌కి పంపేశారు. 1977లో సమాచార హక్కు కింద ఒకరు అర్జీ పెడితే వెతికారు. ఏడు పెట్టెలు బయటపడ్డాయి! ఆ ఏడాది ఆగస్టు 3న అప్పటి డైరెక్టర్ అడ్మిరల్ స్టాన్స్‌ఫీల్డ్ టర్నర్ సెనేట్ ముందు కూర్చుని ఆ సంగతి చెప్పుకోవాల్సి వచ్చింది.

149 అనే అంకె పుట్టిందే ఆ పెట్టెల్లోంచి.

కాకినాడ_కాజా
మాస్టారూ, మీ శాఖ వాళ్లు నా టీఏ బిల్లు వెనక్కి పంపినప్పుడు కూడా ఇంత గర్వపడ్డారా?

అకౌంట్స్_మాస్టారు
రసీదు జతపరచలేదు కాబట్టి పంపి ఉంటారు.

బెజవాడ_బుల్లోడు
ఆ ఖర్చుల కాగితాల్లోనే శాన్‌ఫ్రాన్సిస్కో ఇల్లు కూడా ఉంది. చెస్ట్‌నట్ స్ట్రీట్, 225 నంబరు. జార్జ్ వైట్ అనే మాదకద్రవ్యాల శాఖ అధికారితో సీఐఏ నడిపించింది. వేశ్యలకి డబ్బిచ్చి విటుల్ని తెప్పించడం, వాళ్ల గ్లాసులో ఎల్ఎస్‌డీ అనే భ్రమలు పుట్టించే మందు కలపడం, అవతలి వైపు నుంచి మాత్రమే కనిపించే అద్దం వెనక కూర్చుని చూడటం. ఈయన చేతిలో మందు గ్లాసు పట్టుకుని, పోర్టబుల్ టాయిలెట్ మీద కూర్చుని చూసేవాడట. దీనికి పెట్టుకున్న పేరు ఆపరేషన్ మిడ్‌నైట్ క్లైమాక్స్. తెలుగులో ఎవడైనా సినిమాకి ఈ టైటిల్ పెడితే మనం నవ్వుతాం.

శ్రీకాకుళం_సీతాలు
నవ్వొస్తోంది సరే. ఆ గ్లాసు తాగినవాళ్ల పేర్లు ఎక్కడైనా ఉన్నాయా?

పాత_ఫైళ్లు
లేవు. నాకు అన్నిటికన్నా మింగుడుపడనిది అదే. బయటివాడు ఎవడైనా ఫిర్యాదు చేస్తాడా? పెళ్లాం పిల్లలున్నవాడు "నేను అలాంటి ఇంటికెళ్లాను, నాకేదో అయింది" అని పోలీసుల దగ్గరికి వెళ్తాడా? అందుకే అలాంటివాళ్లని ఏరుకున్నారు. మిగతా చోట్లా అంతే. కెంటకీలోని లెక్సింగ్టన్ కేంద్రంలో మత్తుకి బానిసలైన ఖైదీలు. డాక్టర్ హారిస్ ఇస్బెల్ అక్కడ కొందరికి వరుసగా 77 రోజులు ఎల్ఎస్‌డీ ఎక్కించాడు. బహుమానంగా వాళ్లకి ఇచ్చింది ఏంటో తెలుసా, వాళ్లు ఏ మత్తు మానాలని అక్కడ చేరారో ఆ మత్తే.

1963లో సీఐఏ సొంత ఇన్‌స్పెక్టర్ జనరల్ జాన్ ఇర్మన్ ఇదంతా చూసి, తెలియని మనుషుల మీద ఈ పరీక్షలేంటని నివేదిక రాశాడు. శాన్‌ఫ్రాన్సిస్కో ఇల్లు మూసింది 1965లో.

పాలమూరు_పోరడు
ఇంత జేసి ఏం సాధించిన్రు? ఎవరి మెదడన్న కంట్రోల్ అయిందా?

పాత_ఫైళ్లు
కాలేదు. ఎల్ఎస్‌డీ తాగినవాడు ఒకడు నవ్వుతాడు, ఒకడు ఏడుస్తాడు, ఒకడు గోడలోంచి పాములొస్తున్నాయంటాడు. చెప్పినట్టు వినడం మాత్రం ఎవడివల్లా కాలేదు. చివరికి గాట్లీబే ఇది గూఢచర్యానికి పనికొచ్చేది కాదని తేల్చుకున్నాడు. సమర్థత సంగతి ఇంకోటి చెప్తాను. స్విట్జర్లాండ్‌లో శాండోజ్ కంపెనీ దగ్గర 10 కిలోల ఎల్ఎస్‌డీ ఉందని కబురొస్తే, రష్యా వాళ్లు ఎగరేసుకుపోకముందే మనమే కొనేద్దామని 2 లక్షల 40 వేల డాలర్లు మంజూరు చేశారు. తీరా వెళ్తే ఆ కంపెనీ పుట్టాక తయారుచేసిందే 40 గ్రాములు దాటలేదు. కబురు పంపిన మిలిటరీ అధికారికి మిల్లీగ్రాముకీ కిలోకీ తేడా తెలియలేదు.

ప్రపంచాన్ని తెర వెనకనుంచి ఆడిస్తున్న మేధావులు వీళ్లేనండీ.

నిజం_నిప్పు
ఫలితం రాలేదని చెప్పిందీ వాళ్లే కదా. ఫలితం వస్తే చెప్తారా? అసలైన ప్రాజెక్టు వేరే ఉండి ఉంటుంది.

అకౌంట్స్_మాస్టారు
దానికి బిల్లు చూపించండి, నమ్ముతాను.

మాంట్రియల్_మంచు
ఎవరూ కెనడా ఎత్తలేదు కాబట్టి నేను రాస్తాను. ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాను. మౌంట్ రాయల్ కొండ వాలు మీద రేవెన్స్‌క్రాగ్ అని బూడిదరంగు రాతి మేడ ఉంది. ఓడల వ్యాపారంలో కోట్లు గడించిన హ్యూ అలన్ కట్టించుకున్నది. తర్వాత అదే అలన్ మెమోరియల్ మానసిక చికిత్సాలయం అయింది. వాకింగ్‌కి ఆ కింద రోడ్డు మీదుగానే వెళ్తుంటాను. గేటు మామూలుగా ఉంటుంది.

దాని అధిపతి డాక్టర్ ఈవెన్ కామెరాన్. 1957 నుంచి ఆయనకి సీఐఏ సొమ్ము ఒక బూటకపు సంస్థ ద్వారా వచ్చింది, మొత్తం 60 వేల డాలర్ల పైచిలుకు. అది ఎవరి డబ్బో ఆయనకి తెలుసనడానికి గట్టి ఆధారం లేదు. తెలియకపోయినా చేసింది చేశాడు. దగ్గరికొచ్చినవాళ్లంతా పిచ్చెక్కినవాళ్లు కాదు. కాన్పు తర్వాత దిగులు పట్టిన తల్లులు, టెన్షన్‌తో నిద్ర పట్టనివాళ్లు కూడా ఉన్నారు. వాళ్లని మందులతో వారాల తరబడి నిద్రపుచ్చేవాడు. మామూలుగా ఇచ్చే కరెంటు షాకుకి ఎన్నో రెట్లు, రోజుకి ఒకటికి మించి ఇచ్చేవాడు. పాత మనసుని తుడిచేస్తే కొత్తది పెట్టొచ్చని ఆయన సిద్ధాంతం. తుడిచాక దిండు కింద స్పీకరు పెట్టి ఒకే వాక్యం టేపు తిప్పి తిప్పి వినిపించేవాడు. లక్షల సార్లు. కొందరికి హెల్మెట్‌లో హెడ్‌ఫోన్లు బిగించి.

కొత్త మనసు ఎవరికీ రాలేదు. పాతది పోయింది. సొంత పిల్లల్ని గుర్తుపట్టలేకపోయినవాళ్లున్నారు, మూత్రం ఆపుకోవడం కూడా మళ్లీ నేర్చుకున్నవాళ్లున్నారు.

శ్రీకాకుళం_సీతాలు
కాన్పు తర్వాత దిగులుకా!! మా అక్కకి అదే వచ్చింది. ఇక ఈ పోస్టు మళ్లీ చదవను.

డాక్టరమ్మ_విశాఖ
ఒళ్లు మండే విషయం ఇంకోటి ఉంది. ఈ కామెరానే రెండో ప్రపంచ యుద్ధం తర్వాత నాజీలని విచారించిన న్యూరెంబర్గ్‌లో నాజీ నాయకుడు రుడాల్ఫ్ హెస్ మానసిక స్థితిని పరీక్షించిన బృందంలో ఉన్నాడు. మనిషి మీద ప్రయోగం చేయాలంటే ముందు అతని ఇష్టపూర్వక సమ్మతి ఉండి తీరాలనే నియమావళి 1947లో పుట్టింది ఆ ఊరి విచారణల్లోంచే. పదేళ్లు తిరగకుండానే ఈయన ఇది మొదలుపెట్టాడు. ఆయన సామాన్యుడూ కాదు, 1961లో ప్రపంచ మనోవైద్యుల సంఘానికి మొదటి అధ్యక్షుడయ్యాడు.

ఫార్మకాలజీ పీజీలో మాకు సమ్మతి పత్రం గురించి ఒక క్లాసు చెప్పి వదిలేశారు. వార్డులోకి వెళ్తే ఏముంది, "ఇక్కడ వేలిముద్ర వెయ్యమ్మా" అనడమే. ఏం రాసుందో చదివి వినిపిస్తే సీనియర్లు విసుక్కునేవారు, క్యూ పెరిగిపోతోందని.

పాలమూరు_పోరడు
అమెరికా ముచ్చట సరే, మన దగ్గర గిట్ల జరగలేదా?

డాక్టరమ్మ_విశాఖ
మెదడు ప్రయోగాలు నాకు తెలిసి లేవు. సంతకం లేకుండా మనుషుల్ని వాడుకోవడం మాత్రం మన గడ్డ మీదే జరిగింది. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకి, సుమారు 14 వేల మందికి, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా ఒక అధ్యయనం కింద వేశారు. చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో చదివే గిరిజన పిల్లలు. సమ్మతి పత్రాల మీద తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టేశారు. 2010లో కేంద్రం ఆపించింది, 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా తలంటింది.

ఎవరైనా దీన్ని టీకా వ్యతిరేక వీడియోగా మార్చకముందే చెప్తున్నా: ఆ టీకా మంచిదే. అప్పుడు చనిపోయిన పిల్లల మరణాలకి టీకా కారణం కాదని విచారణలో తేలింది. నా గొడవంతా ఆ వార్డెన్ సంతకం గురించే.

నిజం_నిప్పు
చూశారా, మన దగ్గరా ఉంది. నేను చెప్తే నమ్మరు.

డాక్టరమ్మ_విశాఖ
మీరు చెప్పింది ఎక్కడో దాచిన అసలైన ప్రాజెక్టు గురించండీ బాబూ.

లా_పాయింట్
మన దగ్గర దీనికి దగ్గరి చుట్టం నార్కో పరీక్ష. ఆర్టిచోక్ రోజుల్లో సీఐఏ వాడిన మందుల్లో సోడియం పెంటథాల్ ఒకటి. అదే మందుని 2000 తర్వాత మన పోలీసులు నిందితులకి ఎక్కించారు. స్టాంపు పేపర్ల కుంభకోణంలో తెల్గీ మంచం మీద మత్తుగా గొణుగుతుంటే ఆ వీడియో టీవీల్లో వేశారు, పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటుంది. 2010 మే 5న సెల్వి కేసులో సుప్రీంకోర్టు, మనిషి ఒప్పుకోకుండా నార్కో గానీ, లై డిటెక్టర్ గానీ, బ్రెయిన్ మ్యాపింగ్ గానీ చేయడానికి వీల్లేదంది. తన మీద తానే సాక్ష్యం చెప్పాల్సిన పనిలేదన్న 20(3) అధికరణం ఆధారం.

అమెరికా సుప్రీంకోర్టు మాత్రం బాధితుల్ని ఆదుకోలేదు. జేమ్స్ స్టాన్లీ అనే సార్జెంట్ 1958లో విషవాయువుల నుంచి కాపాడే దుస్తుల పరీక్షకని స్వచ్ఛందంగా వెళ్లాడు. అక్కడ తాగే నీళ్లలో ఎల్ఎస్‌డీ కలిపారు. ఇది సైన్యం చేసిన ప్రయోగం, సీఐఏది కాదు. మనిషి మారిపోయాడు, ఉన్నట్టుండి భార్యాబిడ్డల్ని కొట్టేవాడు, కాపురం కూలింది. కారణమేంటో ఆయనకే తెలియదు. 1975లో సైన్యం నుంచి ఒక ఉత్తరం: "1958 ఎల్ఎస్‌డీ పరీక్షలో పాల్గొన్నవారిని మళ్లీ పరిశీలిస్తున్నాం, దయచేసి రండి" అనే అర్థంలో. అదీ తెలిసిన తీరు. కేసు వేస్తే 1987లో 5-4 మెజారిటీతో, సర్వీసులో ఉండగా జరిగినదానికి దావా చెల్లదన్నారు. తర్వాతెప్పుడో అమెరికా కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) ప్రత్యేక చట్టం చేస్తే సుమారు 4 లక్షల డాలర్లు దక్కాయి.

కాకినాడ_కాజా
ఆ ఉత్తరం టైపు చేసిన గుమాస్తాకి దండం పెట్టాలి.

బెజవాడ_బుల్లోడు
ఫ్రాంక్ ఓల్సన్ సంగతి ఎవరూ రాయలేదేం? అది పక్కా హత్య. హోటల్ కిటికీలోంచి తోసేశారు.

పాత_ఫైళ్లు
"పక్కా" దగ్గర ఆగండి. ఖాయంగా తెలిసింది ఇది: ఓల్సన్ సైన్యం తరఫున ఫోర్ట్ డెట్రిక్‌లో క్రిమి ఆయుధాల మీద పనిచేసే శాస్త్రవేత్త. 1953 నవంబరు 19న మేరీల్యాండ్‌లో డీప్ క్రీక్ చెరువు పక్కన ఒక విడిదిలో గాట్లీబ్ బృందం మద్యంలో ఎల్ఎస్‌డీ కలిపి ఇచ్చింది. తాగాక చెప్పారు. ఇంటికొచ్చినవాడు మనిషి మనిషిలా లేడు, ఉద్యోగం మానేస్తానన్నాడు. 28 తెల్లవారుజామున న్యూయార్క్ స్టాట్లర్ హోటల్ 1018ఏ గది కిటికీలోంచి పడి చనిపోయాడు. గదిలో సీఐఏ వాళ్ల లాష్‌బ్రూక్ ఉన్నాడు. 22 ఏళ్ల తర్వాత గానీ ఇంట్లోవాళ్లకి ఎల్ఎస్‌డీ సంగతి తెలియలేదు. అధ్యక్షుడు ఫోర్డ్ పిలిచి క్షమాపణ చెప్పాడు, 7 లక్షల 50 వేల డాలర్లిచ్చారు.

1994లో శవాన్ని తవ్వి తీసి పరీక్షించిన ఫోరెన్సిక్ నిపుణుడు స్టార్స్, పడకముందే తలకి దెబ్బ తగిలినట్టుందన్నాడు. తర్వాత మాన్‌హాటన్ ప్రాసిక్యూటర్లు కేసు తిరగదోడినా ఎవరి మీదా అభియోగం పెట్టలేదు. కొడుకులు 2012లో వేసిన దావా కాలాతీతమైందని కొట్టేశారు. హత్య అని అనుమానించడానికి కారణాలున్నాయి. రుజువు లేదు.

బెజవాడ_బుల్లోడు
మూసిన కిటికీ అద్దం పగలగొట్టుకుని రాత్రిపూట చొక్కా లేకుండా ఎవడు దూకుతాడు బ్రో. నాది మాత్రం హత్య ఓటే.

పేరు_వద్దు
ఇన్నాళ్లూ చదవడమే గానీ ఇక్కడ రాసింది లేదు. మా తమ్ముడికి స్కిజోఫ్రీనియా. డిగ్రీ రెండో ఏడాదిలో మొదలైంది, ఎవరో తన ఆలోచనలు వింటున్నారనేవాడు. మందులతో బాగానే కుదురుకున్నాడు, షాపులో కూర్చునేవాడు. తర్వాత యూట్యూబ్‌లో ఈ ఎంకే అల్ట్రా వీడియోలు తగిలాయి. అందులో సగం నిజం కదా, మేం కాదనలేకపోయాం. "చూడు, ప్రభుత్వమే ఒప్పుకుంది" అని మందులు మానేశాడు. పన్ను ఫిల్లింగ్ చేసినప్పుడు అందులో చిప్ పెట్టారని, పీకించమని ఊళ్లో ఉన్న పళ్ల డాక్టర్లందరి దగ్గరికీ తిరిగాడు. చివరికి కటింగ్ ప్లేయర్‌తో తనే పీక్కున్నాడు. ఒక రాత్రి అమ్మ పమిట నిండా రక్తం.

నిజం_నిప్పు గారూ, మీ మీద కోపంతో రాయట్లేదు. వాడితో ఏం మాట్లాడాలో తెలిసినవాళ్లుంటే చెప్పండి.

డాక్టరమ్మ_విశాఖ
అబద్ధమని వాదించకండి, నిజమని ఒప్పుకోకండి కూడా. "నువ్వు భయపడుతున్నావు, నిద్ర పట్టట్లేదు, దానికి ఏం చేద్దాం" అని భయం గురించి మాట్లాడండి. మందు మానేసిన సంగతి ఆయన్ని చూసే సైకియాట్రిస్టుకి వెంటనే చెప్పండి. రోజూ మాత్ర మింగనంటే నెలకోసారి వేసే ఇంజెక్షన్లు ఉన్నాయి, అడగండి. తనని తాను గాయపరచుకునే దశ వచ్చింది కాబట్టి ఆలస్యం వద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబరు 14416, రాత్రయినా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. ఇంట్లో ప్లేయర్లు, బ్లేడ్లు తాళం వేసి పెట్టండి.

శ్రీకాకుళం_సీతాలు
అమ్మని కూడా చూసుకోండి తమ్ముడూ.

నిజం_నిప్పు
నాకు తెలియదు ఇలాంటి ఇళ్లుంటాయని. ప్రభుత్వాల మీద నా అనుమానం నాకుంది, అది పోదు. ఆ తమ్ముడికి నయం కావాలి.

పేరు_వద్దు
థాంక్స్ డాక్టర్ గారూ. ఇంజెక్షన్ సంగతి మాకెవరూ చెప్పలేదు. రేపే అడుగుతాను.

పాలమూరు_పోరడు
ఆ గాట్లీబ్ గానికి శిక్ష ఏం పడ్డది?

పాత_ఫైళ్లు
ఏమీ లేదు. పదవీ విరమణ తీసుకున్నాడు, సాక్ష్యం చెప్పడానికి వచ్చినప్పుడు అసలు పేరు కూడా బయటపెట్టనివ్వలేదు. మనకి దగ్గరి సంగతి ఒకటుంది: ఆయన భార్య మార్గరెట్ మిషనరీల బిడ్డ, మన దేశంలోనే పుట్టింది. రిటైరయ్యాక భార్యాభర్తలిద్దరూ ఇండియా వచ్చి, ఏడాదిన్నర పాటు ఒక కుష్ఠు ఆస్పత్రిలో సేవ చేశారు. తర్వాత వర్జీనియాలో మేకలు పెంచుకుంటూ 1999లో పోయాడు.

కాకినాడ_కాజా
పాపం కడుక్కోవడానికి కాశీ అందరికీ దగ్గరే.

అకౌంట్స్_మాస్టారు
మాంట్రియల్_మంచు గారూ, అక్కడివాళ్లకి పరిహారం లెక్క ఏమైంది? అది రాయలేదు మీరు.

మాంట్రియల్_మంచు
రెండు దఫాలు. ఒక ఎంపీ భార్య వెల్మా ఓర్లికోవ్, మరి కొందరు కలిసి సీఐఏ మీద కేసు వేస్తే 1988లో 7 లక్షల 50 వేల డాలర్లకి రాజీ అయింది, అందరికీ కలిపి. 1992లో కెనడా ప్రభుత్వం 77 మందికి తలా లక్ష డాలర్లిచ్చింది. తప్పు ఒప్పుకోకుండా, "మానవతా దృక్పథంతో" అంటూ. దానికీ ఒక షరతు: చికిత్స తర్వాత మనిషి పసిపిల్ల స్థాయికి దిగజారినట్టు రికార్డులో ఉండాలి. సగం మతి పోయినవాళ్లకి రాలేదు. చాలా దరఖాస్తులు వెనక్కొచ్చాయి. 2004లో ఒకావిడ కోర్టుకెళ్లి, సగం పోయినా పోయినట్టేనని గెలిచింది. ఇప్పుడు పిల్లల తరం దావా నడుపుతోంది. అమెరికా ప్రభుత్వాన్ని మాత్రం ఇక్కడి కోర్టుకి లాగలేరని క్యూబెక్ న్యాయస్థానాలు తేల్చేశాయి.

అకౌంట్స్_మాస్టారు
పోయిన మతికి రికార్డు ఎవరు తేవాలట, పోగొట్టుకున్నవాళ్లేనా?

మాంట్రియల్_మంచు
వాళ్లే.